పవర్ బటన్ వెనుక కథ

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి కుడిపక్కన పెద్ద ఎర్ర స్విచ్ ఉండేది. అది వేయగానే 63.5 వాట్ల పవర్ సప్లైకి నేరుగా కరెంటు అందేది. సిస్టమ్ ఆన్ కాకపోతే ప్లగ్గు, ఫ్యూజు, స్విచ్, పవర్ సప్లై వరుసగా చూస్తే చాలావరకు లోపం దొరికేది.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ఈ లెక్క మార్చేసింది. బటన్ ఇప్పుడు మదర్‌బోర్డుకు కబురు మాత్రమే పంపుతుంది; బోర్డు పచ్చ వైరు ద్వారా పవర్ సప్లైని, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను, లేపుతుంది. అందుకోసం ఊదారంగు వైరులో 5 వోల్టులు నిత్యం సిద్ధంగా ఉండాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలు చిన్న ఊళ్ల షాపుల దాకా మెకానిక్‌లకు ఒక పరీక్ష అలవాటైంది: ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా తీసి, పచ్చ వైరును నల్ల వైరుతో కలపడం. ఫ్యాన్ తిరగకపోతే ముందు అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌నే. తిరిగితే చూపు బటన్ మీదికి, బోర్డు మీదికి మళ్లుతుంది.

2000 తర్వాత మరో తెగులు వచ్చింది. నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి కారిపోయాయి. 2005లో డెల్ సంస్థ ఈ లోపాల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఉబ్బిన కెపాసిటర్లు మార్చి ఎన్నో బోర్డులను బతికించింది మాత్రం టంకం పట్టిన మెకానిక్‌లే.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా అందులో ప్రమాదకరమైన వోల్టేజీ నిల్వ ఉంటుంది.