రియాద్‌లో ఎమ్మే సోషియాలజీ

పోయిన నెల అటక మీది పాత సూట్‌కేసు దింపితే అందులోంచి నా ఎమ్మే పుస్తకాలు బయటపడ్డాయి. వాటి అడుగున గడువు తీరిన పాస్‌పోర్టు. అందులో సౌదీ వీసా కాగితం మీద అరబ్బీలో ఉన్న ముక్కకి అర్థం, ఈమెకు పనిచేయడానికి అనుమతి లేదు అని. ఆ దేశంలో మాలాంటి వాళ్ళకి ఒక మాట ఉంది, మురాఫిక్. వెంట వచ్చినవాళ్ళు అని. 2010 నుంచి 2017 దాకా నేను రియాద్‌లో మావారి వెంట వచ్చినదాన్ని. సోషియాలజీ చదివింది అప్పుడే.

గొప్ప ఆశయం ఏమీ లేదు. పిల్లాడు బడికి వెళ్ళాక పొద్దు పోయేది కాదు. బయటికి వెళ్దామంటే డ్రైవింగ్ ఆడవాళ్ళకి లేదు, టాక్సీ అంటే మావారికి భయం. నాది బీకాం. దూరవిద్యలో లెక్కలూ లాబులూ లేని ఎమ్మే ఏదుందా అని చూస్తే ఇది దొరికింది. ఫోనులో మా చిన్నాన్న, "ఏ సీటూ రానివాళ్ళు చదివేది కదమ్మా అది" అన్నారు. నిజమే, నాకూ ఏ సీటూ రాలేదు. పుస్తకాలు ఇండియా నుంచి ఎవరో ఒకరి సామాన్లలో వచ్చేవి. జూన్‌లో సెలవులకి ఇంటికొచ్చి, పిల్లాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి పరీక్షలు రాసేదాన్ని.

మా ఎదురింట్లో ఒక ఈజిప్టు టీచరమ్మ ఉండేవారు. అరబ్బీ, ఇంగ్లీషు, చేతి సైగలు కలిపి మాట్లాడుకునేవాళ్ళం. నా మొదటి పుస్తకం తిరగేసి, "ఫ్రెంచివాడు ఒగుస్త్ కోంత్‌తో మొదలుపెట్టారేం? మేం ఇబ్న్ ఖల్దూన్‌తో మొదలుపెడతాం" అన్నారు. ట్యూనిస్‌లో 1332లో పుట్టిన మనిషి. 1377లో రాసిన 'ముఖద్దిమా'లో ఎడారి తెగల్ని కలిపి ఉంచే కట్టు గురించి, దాన్ని అసబియ్యా అంటాడు, ఆ కట్టుతో రాజ్యాలు ఎలా లేస్తాయో, ఊళ్ళ సుఖం మరిగాక అది ఎలా వదులవుతుందో చెప్పాడు. ఆ మాట విన్నాక రియాద్‌లో మన అసోసియేషన్లు రెండుగా, రెండు నాలుగుగా చీలడం చూసినప్పుడల్లా నాకు ఇబ్న్ ఖల్దూన్ గుర్తొచ్చేవాడు. మా పరీక్షలో మాత్రం ఆయన మీద ప్రశ్న రాలేదు.

ఆవిడే ఇంకో సంగతి చెప్పారు. ఇంట్లో కూర్చుని చదివి పరీక్షకి మాత్రం వెళ్ళే నా పద్ధతికి అరబ్బీలో ఇంతిసాబ్ అని పేరుందట. సౌదీలో ఆడవాళ్ళ యూనివర్సిటీ చదువు మొదలైందే అలాగట. తర్వాత వెతికి చదివితే ఆ కథ నేననుకున్న దానికంటే పెద్దది. రియాద్ యూనివర్సిటీ, ఇప్పటి కింగ్ సౌద్ యూనివర్సిటీ, 1957లో పెట్టారు. అప్పటికి ఆడపిల్లలకి ప్రభుత్వ బడులే లేవు. జెద్దాలో ఫైసల్ గారి భార్య ఇఫ్ఫత్ 1955లో పెట్టించిన దార్ అల్ హనాన్ లాంటివి ఒకటీ అరా. 1960లో ప్రభుత్వం బాలికల బడులు తెరుస్తామని, వాటిని మతపెద్దల చేతిలో ఉంచుతామని చెప్పి ఒప్పించింది. అయినా 1963లో బురైదాలో మాకొద్దీ బడి అని జనం కదిలారు. ఆ రోజుల్లోనే యూనివర్సిటీ కొద్దిమంది ఆడవాళ్ళని బయటి విద్యార్థులుగా చేర్చుకుంది. క్లాసుకి రాకూడదు, ఇంట్లో చదువుకోవాలి, పరీక్ష రాయాలి. ఆ తర్వాత ఆడవాళ్ళకి వేరే క్యాంపస్ వచ్చాక కూడా మగ ప్రొఫెసర్లు వేరే గదిలో కూర్చుని టీవీలో పాఠం చెప్పేవారు. అమ్మాయిలకి ఆయన కనిపిస్తాడు, ఆయనకి అమ్మాయిలు కనపడరు. సందేహం ఉంటే ఫోను.

నేను వంటింటి బల్ల మీద పుస్తకం పెట్టుకుని కూరకి పోపు వేస్తూ చదివేదాన్ని కదా, నా ముందు యాభై ఏళ్ళ కింద ఇదే ఊళ్ళో ఎవరో అలాగే చదివి ఉంటారన్న ఊహ నాకు భలే తోడుగా ఉండేది.

రెండో ఏడు ప్రాజెక్టు రాయాలి. ఎవరి మీద రాయను? ఆ దేశాన్ని గురించి ఎవరేం రాశారో చూద్దామని మొదలుపెట్టి, అసలు పాఠాల కంటే దానికే ఎక్కువ రాత్రులు ఖర్చుపెట్టాను. చమురు కంపెనీ ఆరాంకో మానవశాస్త్రవేత్తల్ని కూడా జీతానికి పెట్టుకుంది. వాళ్ళలో విదాల్ అనే ఆయన 'అల్ హసా ఒయాసిస్' అని 1955లో ఒక పుస్తకం తెచ్చాడు. సరిగ్గా అదే ఏడు ఎస్.సి. దూబే 'ఇండియన్ విలేజ్' వచ్చింది. అది మా సిలబస్‌లో ఉంది. ఆ ఇండియన్ విలేజ్ ఎక్కడిదో కాదు, మన షామీర్‌పేట! ఉస్మానియా వాళ్ళు జట్టుగా వెళ్ళి చేసిన పని. హైదరాబాదులో ఉన్న రోజుల్లో నాకు షామీర్‌పేట అంటే చెరువు, ఆదివారం పులిహోర పొట్లాలు. సముద్రం దాటి వెళ్ళాక తెలిసింది, దాని కులాలూ పండగలూ పెళ్ళిళ్ళూ లండన్‌లో అచ్చయి ప్రపంచమంతా చదివిందని.

విదాల్ పనిని తక్కువ చేయను గానీ, ఆ దేశంలో పరాయి మగవాడికి ఇంటి లోపలి గదుల్లో చోటు లేదు. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి రాసినవాళ్ళు ఎవరా అని చూస్తే నాకు ఇద్దరు ఆడవాళ్ళు దొరికారు.

మొదటావిడ మొతొకొ కతకురా. జపాను ఆవిడ. భర్త దౌత్య ఉద్యోగి. ఆయనకి సౌదీలో పోస్టింగు వస్తే తనూ వెళ్ళింది, అంటే ఆవిడా వెంట వచ్చినదే! 1960ల చివర్లో మక్కా, జెద్దాల మధ్య ఉన్న వాదీ ఫాతిమా పల్లెల్లో తిరిగి, 1977లో 'బెడూయిన్ విలేజ్' అనే పుస్తకం వేసింది. సంచారం మాని ఊళ్ళలో స్థిరపడుతున్న బెదూల కథ. 2013లో పోయింది. ఒసాకాలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియం 2019లో ఆ ఒయాసిస్ ఆడవాళ్ళ 50 ఏళ్ళ జీవితం మీద, ఆవిడ పనిని ఆధారం చేసుకుని ప్రదర్శన పెట్టింది. అప్పటికి నేను సౌదీ వదిలేశాను.

రెండో ఆవిడ సొరయా అల్తుర్కి. ఈవిడ సౌదీ మనిషే. అమెరికాలో బర్క్లీలో మానవశాస్త్రంలో డాక్టరేట్ చేసి, తన జెద్దాలోనే, తనకు తెలిసిన పెద్ద కుటుంబాల ఆడవాళ్ళ మీద పరిశోధన చేసింది. పుస్తకం 1986లో వచ్చింది. మూడు తరాల ఆడవాళ్ళు, వాళ్ళు ఒకరింటికి ఒకరు వెళ్ళే రాకపోకలు, పెళ్ళి సంబంధాలు. అందులో నన్ను పట్టేసిన విషయం పెళ్ళిళ్ళది. మగవాళ్ళకి పరాయి ఇంటి ఆడపిల్ల కనపడదు కాబట్టి, ఏ ఇంట్లో ఏ పిల్ల ఉంది, ఎలాంటిది, ఆ ఇంటి సంగతులేమిటి అన్న సమాచారమంతా ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది. ఏది చెప్పాలో ఏది దాచాలో వాళ్ళిష్టం. పైకి అధికారం లేనట్టుండే ఆడవాళ్ళకి అక్కడ పెద్ద పట్టు ఉంటుంది అంటుంది. తన పరిశోధన అనుభవం మీద 1988లో ఇంకో వ్యాసం రాసింది. సొంత మనిషి కావడంలోని ఇబ్బంది అందులో ఉంది. అందరికీ తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని అడిగితే, నీకు తెలీదా అని వింతగా చూసేవారట.

ఇవి చదివాక నాకు ధైర్యం వచ్చింది. నేనూ వెంట వచ్చినదాన్నే, నాకూ ఇళ్ళ లోపలికి చోటుంది. ఇరవై ఐదు ప్రశ్నలు రాసుకున్నాను.

మా భవనం మేడ మీద నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెనాలు, బట్టలారేసే తీగలు ఉండేవి. ఒకరోజు ధూళిగాలికి దుప్పటి ఎగిరిపోతుంటే దాని వెనక పరిగెడుతూ ఎవరో "నీ దుంపతెగ" అన్నారు. వెనక్కి తిరిగి చూశాను. నల్ల స్కార్ఫు, చేతిలో క్లిప్పుల డబ్బా. మూడో అంతస్తు సౌదీల ఇంట్లో పనిచేసే ఆవిడ. గోదావరి జిల్లా. నాలుగేళ్ళుగా అదే భవనంలో ఉందట. నేను అదే భవనంలో రెండేళ్ళుగా తెలుగు మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

ఆ తర్వాత నా బట్టలు ఆవిడ వచ్చే వేళకే ఆరేసేదాన్ని. ఏం చదువుతున్నానో చెప్తే, "దానికీ పరీక్ష ఉంటదాండీ?" అంది. నా ఇరవై ఐదు ప్రశ్నలకీ జవాబు చెప్పింది, నాలుగైదు రోజులు, పదేసి నిమిషాల చొప్పున. ఊళ్ళో ఏజెంటుకి ఎంత కట్టింది, ఇంటి పనికి గల్ఫ్ వెళ్ళే ఆడమనిషికి మన సర్కారు నియమం ప్రకారం 30 నిండాలంటే తనకి ముప్ఫై రెండు కాబట్టి ఆ తిప్పలు ఎలా లేకపోయాయి, మొదటి ఇంటినుంచి ఈ ఇంటికి ఎలా మారింది, ఈ ఇంటి ముసలావిడకి కాళ్ళు పడుతూ అరబ్బీ ఎలా నేర్చుకుంది. అన్నీ చెప్పి చివర, "రాసుకోండి గానండీ, ఊరి పేరెయ్యకండి. మా అమ్మాయికి సంబంధాలు చూత్తన్నాం" అంది. తను జెద్దాలో చుట్టాలింట్లో ఉందని చెప్పుకుంటున్నారట ఊళ్ళో. ఇంటి పనికి గల్ఫ్ వెళ్ళిన తల్లి అంటే సంబంధాలు రావు.

ఊరి పేరు వద్దంది, అంతే. మిగతాదంతా రాసుకోమంది. నేను మొత్తం తీసేశాను.

కారణాలు చెప్పుకోగలను. ఆ ఇంటివాళ్ళకి తెలిస్తే ఆవిడ గతేమిటి, మా ఇకామాల గతేమిటి అని భయం వేసింది. అనుమతి లేకుండా పరిశోధనేంటి అని మావారు అన్నారు. అసలు కారణం ఇంకొకటి కూడా ఉందనుకుంటాను. నాలాంటి భార్యల ఇళ్ళలో సోఫాలో కూర్చుని టీ తాగుతూ ప్రశ్నలడగడం సుఖంగా ఉంది. నా ప్రాజెక్టు పదకొండుమంది తెలుగు గృహిణుల మీద తయారైంది. రెండో ముక్క అక్కర్లేకుండా పాసయ్యాను. ఆ పదకొండుమందిలో నలుగురి ఇళ్ళలో పనిమనుషులున్నారు. ఒక్కరినీ అడగలేదు. మా సిలబస్‌లోనే ఉన్న ఎం.ఎన్. శ్రీనివాస్‌కి 1970లో అమెరికాలో నిప్పంటుకుని నోట్సు కాలిపోతే, జ్ఞాపకం మీద ఆధారపడి ఊరంతా రాశాడు, 1976లో పుస్తకం వేశాడు. నా నోట్సు భద్రంగా ఉంది.

పెళ్ళి సంబంధాల గురించి అల్తుర్కి చెప్పింది ఆవిడ నా ఎదుట, తడి దుప్పట్ల మధ్య నిలబడి చేసి చూపించిందని నాకు తట్టడానికి ఏడాది పట్టింది. ఇద్దరూ దాచేది ఒకటే, పిల్ల పెళ్ళి కోసం. కాకపోతే జెద్దా పెద్దింటావిడ పుస్తకంలోకి ఎక్కింది.

2017 జూలైలో ఒక్కో మురాఫిక్ మీద నెలకి 100 రియాళ్ళ రుసుము వచ్చింది, ఏటా ఇంకో 100 పెంచుతామన్నారు. అప్పటికి పాప కూడా పుట్టింది, మేం ముగ్గురం. ఇకామా రెన్యువల్‌కి ఏడాదిది ఒకేసారి కట్టాలి. మా వీధిలో సగం ఇళ్ళ సామాన్లు రోడ్డు మీద అమ్మకానికి వచ్చాయి, ఫ్రిజ్‌లూ ఉయ్యాలలూ. మేమూ బయల్దేరాం. ఆడవాళ్ళకి డ్రైవింగ్ వచ్చింది ఆ మరుసటి ఏడు జూన్‌లో!

వెళ్ళే ముందు చెప్పి వద్దామని మేడెక్కాను. వారం రోజులు ఎక్కాను. ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి బట్టలారేస్తోంది. పాత ఆవిడ ఇంటికెళ్ళిందా, వేరే ఇంటికి మారిందా అని అడిగితే ఆ అమ్మాయి భుజాలెగరేసింది.

సూట్‌కేసులో ఆ నోట్సు ఉంది. ఇరవై ఐదు జవాబులూ ఉన్నాయి, నా గజిబిజి రాతలో, ఒకచోట నీటి చుక్క పడి అలుక్కుపోయి. ఊరి పేరు దగ్గర కొట్టేసి ఉంది, కానీ కాగితం వెలుతురులో పెడితే చదవొచ్చు. గోదావరి పాయ పక్క ఊరు. ఇక్కడ కూడా రాయడం లేదు. వాళ్ళమ్మాయి పెళ్ళి అయిందో లేదో నాకు తెలీదు.