హైవే ప్రయాణానికి బైకు: ముందుగా చూడవలసింది బ్రేకులే
రోజూ జాతీయ రహదారిపై యాభై, అరవై కిలోమీటర్లు ప్రయాణించేవారు మోటారు సైకిల్ ఎంపికలో మైలేజీ కంటే ముందు బ్రేకులను పరిశీలించడం మేలు. 125 సీసీ మించిన ద్విచక్ర వాహనాలకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరైంది. హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా ఇది కాపాడుతుంది. అయితే సింగిల్ చానెల్ ఏబీఎస్ సాధారణంగా ముందు చక్రానికే పరిమితం. తడి రోడ్డుపై వెనుక చక్రం జారే ప్రమాదం మిగిలే ఉంటుంది. ధర కొంత పెరిగినా డ్యూయల్ చానెల్ ఉన్న బండే నయం.

ఇక ఇంజిన్. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ అదిరే బండి దూర ప్రయాణంలో చేతులకు తిమ్మిరెక్కిస్తుంది. షోరూమ్ పక్క సందులో నడిపితే ఇది తెలియదు. రహదారిపైనే నడిపి చూడాలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. సర్వీసు రోడ్డే దిక్కయినవారికి ఇంజిన్ శక్తి కన్నా గతుకులను తట్టుకునే సస్పెన్షన్ ముఖ్యం.