చోటు

మొన్న మా పాత లాప్‌టాప్ ‘చోటు లేద’ని మొరాయించింది. తీసి చెత్తబుట్టలో వేసినవి కూడా, బుట్ట ఖాళీ చేసేదాకా చోటు తింటూనే ఉంటాయట! అటక సర్దినట్టు కూర్చున్నాను.

1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు యంత్రం బరువు టన్నుకు పైనే. పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఒక్క పెళ్లి ఫొటో అందులో పట్టకపోవచ్చు. చోటు పెరిగింది సరే, దాచదగ్గది ఏరుకోవడమో?

మా మునగాల సంస్థానంలో దివానుగా చేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞానసర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఏరి కూర్చడానికి ఒక జీవితం చాలలేదు!

నా దగ్గరో, ఒకే పండగ వీడియో పదిసార్లు. అవన్నీ తుడిచేసి బుట్ట ఖాళీ చేశాను. అమ్మ గొంతు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, విని చూసుకున్నాను. లాప్‌టాప్‌లోదీ తియ్యలేదు. ఆ మాత్రం చోటు ఉండనీండి!