హారియట్ మన్రో: కవుల కొఱకు గుమ్మము లెక్కిన యమ్మ

మా యూరి కవితాగోష్ఠికి చిరకాలము కార్యదర్శిగ నుండిన పెద్దలొకరు వార్ధక్యముచే పని విరమించుకొనిరి. వీడ్కోలు సభలో నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. చెప్పితిమి గాని అవి దండతోపాటు మరునాటికి వాడిపోవు మాటలే. ఇంటికి వచ్చిన పిదప యోజింపగా, కవుల చరిత్రలు వ్రాయువారు గలరు గాని, కవులకు ఉత్తరములు వ్రాసి, పద్యములు రప్పించి, అచ్చుకూటమువారి బాకీ తీర్చి, చందాదారుల గుమ్మము లెక్కి దిగినవారి చరిత్ర వ్రాయువా రరుదని తోచినది. అట్టి చరిత్రలలో మేము బాగుగ నెరిగినదానిని పాఠకుల ముందుంచుచున్నాము.

హారియట్ మన్రో 1860 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని షికాగో నగరమున జన్మించెను. వివాహమాడలేదు. 1892లో ఆ నగరపు మహాప్రదర్శనమునకు దీర్ఘగీత మొకటి రచించి వేయి డాలర్లు పారితోషికము పొందెను. దానిని న్యూయార్కు పత్రిక యొకటి యనుమతి లేకయే ప్రకటింపగా, ఆమె న్యాయస్థానమున కెక్కి యైదువేల డాలర్లు పరిహారము రాబట్టెను. దీనినిబట్టి కవిత్వ మామెకు కాసులు కురిపించినదని తలపరాదు. తానే యచ్చొత్తించిన యా గీతపు ప్రతులు అమ్ముడుపోక, మిగిలినవి చలికాలమున ఆమె గదిలోని పొయ్యికి ఇంధనమైనవి. చిత్రమునకు, శిల్పమునకు, సంగీతమునకు నగర ధనికులు భవనములు కట్టించుచుండిరి. కవిత్వమును పలుకరించు నాథుడు లేడు. ఈ బాధయే ఆమెచేత పత్రిక పెట్టించినది.

1911లో చాట్‌ఫీల్డ్ టేలరు అను మిత్రుడొక యుపాయము చెప్పెను. నూర్గురు ఏటికి 50 డాలర్ల చొప్పున ఐదేండ్లు ఇచ్చునట్లు ఒప్పుకొన్నచో సంవత్సరమునకు 5,000 డాలర్లు సమకూడును. అప్పటి కామెకు ఏబదియేండ్లు దాటినవి. ఆ వయస్సున వర్తకుల కార్యాలయములకు, న్యాయవాదుల గదులకు తానే పోయి యడిగెను. గ్రంథాలయమునకు చందా పోగుచేసినవారికి ఆ మెట్లెంత యెత్తైనవో వేరుగ చెప్పనక్కరలేదు. తుదకు నూర్గురికి మించి యొప్పుకొనిరి. 1912 అక్టోబరు సంచికతో "పొయిట్రీ" మాసపత్రిక వెలువడెను.

మన "భారతి" 1924లో పుట్టి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి యౌదార్యముపై నిలిచినది. అమృతాంజనము తలనొప్పిని మాత్రమే గాక మన సాహిత్యపు దారిద్ర్యమును గూడ కొంత పోగొట్టినది. ఒక మహాదాత దొరకుట అదృష్టము. నూర్గురు చిన్న దాతలను విసుగుపుట్టనీయక ఐదేండ్లు నిలుపుకొనుట యదృష్టము కాదు, చాకిరి. ఆ చాకిరికి ఆమె తొలి సంవత్సరములలో జీతమే పుచ్చుకొనలేదు. దినపత్రికలో కళావిమర్శలు వ్రాసి జీవనము గడపుకొనెను. కవులకు మాత్రము ప్రతిఫల మీయవలసినదే యని పట్టుపట్టెను. పత్రిక తలుపు ఏ యొక్క కవిసంప్రదాయమునకో గాక, అందరకును తెరచియుండవలెనని మరియొక నియమము చేసికొనెను.

ఆ తలుపున తొలినాళ్లలోనే ప్రవేశించినవారిలో మన రవీంద్రనాథు డొకడు. లండనునుండి పత్రికకు ప్రతినిధిగ నుండిన ఎజ్రా పౌండు పంపగా, గీతాంజలినుండి ఆరు గీతములు 1912 డిసెంబరు సంచికలో వెలువడెను. అమెరికాలో ఆయన యాంగ్లగీతములు మొదట నచ్చయిన దచ్చటనే. ఆ చలికాలమున రవీంద్రుడు అదే రాష్ట్రమునందలి అర్బనా పట్టణమున నుండెను; 1913 ఆరంభమున షికాగోకు వచ్చెను. నోబెలు బహుమానము ఆ యేటి నవంబరులో ప్రకటింపబడినది. అటుపిమ్మట దండలు పట్టుకొని పరుగెత్తినవారికి కొదువ లేదు. పదునొకండు నెలలు ముందుగ గుర్తించినదానికి, నెలనెలకు చందాలెంచుకొనుచుండిన ఈ చిన్న పత్రిక!

దోషములు లేవని చెప్పము. ఇలియటు "ప్రూఫ్రాకు" గీతమును పౌండు 1914లో పంపగా నెలలకొలది తటపటాయించి, 1915 జూను సంచికలో వెనుకపుటలలో వేసెను. వాలెస్ స్టీవెన్సు వ్రాసిన "సండే మార్నింగ్" ఎనిమిది ఖండికలలో ఐదింటినే యచ్చువేసెను. కత్తెర పట్టిన మా సంపాదక మిత్రులకు దీనివలన కొంత యూరట కలుగవచ్చును. కాని కార్ల్ శాండ్‌బర్గు షికాగో గీతములను 1914 మార్చిలో, పండితుల పరిహాసమునకు వెరవక, మొదటిపుటలలో నిలిపినదియు నా చేయియే. ఆమెకు తొలినుండి తోడైన ఆలిస్ కార్బిన్ హెండర్సను క్షయరోగముచే 1916లో శాంటా ఫేకు పోవలసివచ్చెను. ఆమె పేరు ఇంకను తక్కువగ వినబడును. ఇచ్చట నొక్కసారియైన చెప్పుట మా విధి యనుకొంటిమి.

1936లో, 75 ఏండ్ల ప్రాయమున, మన్రో దక్షిణామెరికాలోని బ్యూనస్ ఏర్సు నగరమున జరిగిన రచయితల మహాసభకు పోయెను. తిరుగుదారిలో ఇంకారాజుల శిథిలములను చూడగోరి పెరూ దేశమున ప్రవేశించి, సెప్టెంబరు 26వ తేదీన అరెకీపా పట్టణమున మెదడులోని రక్తనాళము చిట్లి మరణించెను. ఆమెను అచ్చటనే పాతిపెట్టిరి. వీడ్కోలు సభ జరుగలేదు. ఇరువదియేండ్లకు పైగ ఆమెతో కలహించిన పౌండు, ఆమె పోయిన పిదప ఆమె సేవను మనసార కొనియాడెను. బ్రతికియుండగా ఆయన యామెకు వ్రాసిన జాబులలో మందలింపులే మెండు. ఆమె స్వీయచరిత్ర 1938లో, ఆమె చూడకయే, వెలువడినది.

పత్రిక నేటికిని నడచుచున్నది. 2002లో రూత్ లిల్లీ యను నామె దానికి సుమారు 10 కోట్ల డాలర్లు సమకూర్చెను. ఆమె పంపిన పద్యములను ఆ పత్రిక యెప్పుడును స్వీకరింపలేదు! ఆ దానమును గూర్చి దేశదేశముల పత్రికలు వ్రాసినవి. నూర్గురిచ్చిన ఏబదేసి డాలర్ల మాట యెవరికో గాని జ్ఞప్తికి రాలేదు.

మా కార్యదర్శిగా రింకను ఊరిలోనే యున్నారు. వచ్చు నెల కుమారునియొద్దకు పోవుదురట. గోష్ఠి లెక్కల పుస్తకమును ఎవరి కప్పగింపవలెనో తేలక, దాని నింకను తమ బల్లమీదనే యుంచుకొనియున్నారు. ఈ సంచిక వారి ప్రయాణమునకు ముందే వారి చేతి కందును.