సోమవారం వస్తాదులు, శుక్రవారం వస్తాదులు

2020 అక్టోబరులో, కరోనా పుణ్యమా అని అందరం ఇంటిపట్టునే ఉన్న రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి మా చిన్నాడు కంచం ముందునుంచి విసురుగా లేచిపోయాడు. ఎవరో పోయారన్నంత కంగారుపడ్డాం. బతిమాలి అడిగితే "న్యూ డేని విడగొట్టేశారు" అని గోడకేసి తిరిగి పడుకున్నాడు. న్యూ డే అంటే కోఫీ కింగ్‌స్టన్, జేవియర్ వుడ్స్, బిగ్ ఈ అనే ముగ్గురు కుస్తీవీరుల జట్టు. బాకా ఊదుకుంటూ, గంతులేస్తూ రింగులోకి దిగేవాళ్లు. ఆ రాత్రి మొదటి ఇద్దరినీ 'రా' అనే సోమవారం షోకి పంపేసి, బిగ్ ఈని శుక్రవారం వచ్చే 'స్మాక్‌డౌన్'లోనే ఉంచేశారు.

రెండు షోలూ డబ్ల్యూడబ్ల్యూఈ అనే ఒకే కంపెనీవి. ముగ్గురి జీతం చెక్కు మీదా ఒకటే సంతకం. ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో రాసేది కూడా ఆ కంపెనీయే. మరి ఎవరి నుంచి ఎవరు విడిపోయినట్టు? పైగా ఆ పంపేసిన ఇద్దరూ అదే రాత్రి స్మాక్‌డౌన్ జంట బెల్టులు గెలిచి ఉన్నారు. సోమవారం రాగానే, అవతల రా బెల్టులున్న స్ట్రీట్ ప్రాఫిట్స్ జంటనేమో స్మాక్‌డౌన్‌కి మార్చారు. నాలుగు బెల్టులూ ఇటువి అటు, అటువి ఇటు మార్పించేశారు. కుస్తీ లేదు, పట్టు లేదు. చెప్పులు తారుమారైతే మార్చుకున్నంత సులువుగా అయిపోయింది. మావాడి ఏడుపు అప్పుడు నవ్వులోకి దిగింది గానీ, నాకు మాత్రం ఈ పంపకం తిరకాసేమిటో తెలుసుకోవాలన్న పురుగు పట్టుకుంది.

మేముండేది మిసిసిపీ ఒడ్డున సెయింట్ లూయిస్‌లో. ఇక్కడ ఆ పురుగుకి మేత బాగానే దొరుకుతుంది. మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. కుస్తీ మాటెత్తితే చాలు, లాన్ కోసే మిషను ఆపేసి నిలబడిపోతాడు. ఆయన చిన్నప్పుడు అమెరికా మొత్తానికీ ఒక కుస్తీ కంపెనీ అంటూ లేదట. ఒక్కో ప్రాంతం ఒక్కో ప్రమోటరుది, దాన్ని టెరిటరీ అనేవాళ్లు. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూ అనే ఊళ్లో కొందరు ప్రమోటర్లు కూడబలుక్కుని నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టుకున్నారు. నీ ఊళ్లో నేను అడుగుపెట్టను, నా ఊళ్లోకి నువ్వు రాకు. ఛాంపియన్ మాత్రం అందరికీ ఒక్కడే, అతను ఊరూరా తిరుగుతాడు. ఇది వ్యాపారాన్ని తొక్కిపెట్టడమేనని 1956లో ప్రభుత్వం కోర్టుకెళితే, ఇక అలా చెయ్యమని రాజీ పత్రం మీద సంతకాలు పెట్టి వచ్చి, చాలావరకు అలాగే నడిపించుకున్నారు. ఆ అలయన్స్‌కి చాలా ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న శామ్ మష్నిక్ ఈ ఊరివాడే.

మష్నిక్ కుస్తీని ఎక్కడ చూపించాడో వింటే మీరు నమ్మరు. చేజ్ అనే ఖరీదైన హోటల్లో, ఖొరాసాన్ రూమ్ అనే విందుల హాల్లో, షాండ్లియర్ల కింద రింగు వేయించాడు. చూడ్డానికి వచ్చేవాళ్లు సూట్లు, గౌన్లు వేసుకుని పెళ్లికొచ్చినట్టు వచ్చేవాళ్లట. 1959 నుంచి చానెల్ 11లో అది ప్రసారమయ్యేది. టీవీలో ఊరించి, డౌన్‌టౌన్‌లోని కీల్ ఆడిటోరియంలో అసలు కుస్తీకి టికెట్లు అమ్మేవాళ్లు. కీల్‌ని కూల్చేశారు. ఇప్పుడు ఆ జాగాలో ఉన్న స్టేడియానికే డబ్ల్యూడబ్ల్యూఈ వచ్చిపోతుంటుంది.

పెద్దాయన చెప్పిన వాటిల్లో నాకు బాగా పట్టిన సంగతి ఒకటుంది. ఏ వస్తాదూ ఒక ఊళ్లో కలకాలం ఉండేవాడు కాదు. ఆరు నెలలో ఏడాదో చూశాక జనానికి మొహం మొత్తుతుంది. అప్పుడు ఓడినవాడు ఊరొదిలి పోవాలని ఒక పందెం కుస్తీ పెట్టేవాళ్లు. ఓడినవాడు తలొంచుకుని వెళ్లిపోయేవాడు. నిజానికి మెంఫిస్‌లోనో డల్లస్‌లోనో అతనికి అప్పటికే పని మాట్లాడి పెట్టి ఉండేది. అక్కడ అతను కొత్తవాడు. మూడేళ్లకు మళ్లీ ఇక్కడికి తిరిగొస్తే, ఆ తలుపు తెరుచుకోగానే హాలు లేచి నిలబడేదట. చూడలేకపోయిన ఆ మూడేళ్లూ టికెట్టులో కలిసి ఉండేవన్నమాట.

ఈ అమరికని విరగ్గొట్టింది విన్స్ మెక్‌మాన్. తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈగా మారిన న్యూయార్క్ వైపు టెరిటరీని 1982లో తండ్రి దగ్గర కొనుక్కుని, పెద్దల ఒప్పందాలు నాకు పట్టవంటూ కేబుల్ టీవీ ఎక్కి అందరి ఊళ్లలోకీ దూరాడు. ఎక్కడి మేటి వస్తాదుని అక్కణ్నుంచి లాక్కొచ్చాడు. మిన్నియాపోలిస్ నుంచి హల్క్ హోగన్ అలా వచ్చినవాడే. ఒక్కో టెరిటరీ దుకాణం కట్టేసింది. చివరిదాకా గట్టిగా ఎదురు నిలిచింది అట్లాంటా కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ ఒక్కటే. ఒక దశలో వరసగా 83 వారాలు మెక్‌మాన్ షోని రేటింగుల్లో ఓడించింది కూడా. 2001 మార్చిలో దాన్నీ కొనేశాడు.

గెలిచాడు. గెలిచాక తెలిసింది, పోటీ లేని ఆటకి జనం రారని. పైగా ఇంటినిండా వస్తాదులు. అందరికీ టీవీలో చోటెక్కడ? దాంతో, తను చంపేసిన శత్రువుని తన ఇంట్లోనే మళ్లీ పుట్టించాలనుకున్నాడు. 2002 మార్చి 25న పెన్సిల్వేనియాలోని ఒక యూనివర్సిటీ స్టేడియంలో వస్తాదుల్ని రెండుగా పంచారు. రా తరఫున పాత వస్తాదు రిక్ ఫ్లేర్, స్మాక్‌డౌన్ తరఫున మెక్‌మాన్ కూర్చుని, పిల్లలు గల్లీ క్రికెట్‌కి జట్లు వేసుకున్నట్టు ఒక్కొక్కర్నీ పిలిచారు. మొదట పిలిచింది ద రాక్‌ని. దీనికి బ్రాండ్ స్ప్లిట్ అని పేరు.

ఇక్కడే నాకు సురభి గుర్తొచ్చింది. సురభి నాటక సమాజాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచక వధతో మొదలుపెడితే, కుటుంబం పెరిగేకొద్దీ సమాజం రెండయింది, నాలుగయింది, పదులయింది. ఒక శాఖ విడిపోయిందంటే తెరలు, ట్రిక్కు సామాను, హార్మోనియంతో సహా వేరే ఊరికి బండి కట్టేది. అక్కడ వాళ్ల మాయాబజారుకి వాళ్లదే కృష్ణుడు, వాళ్లదే శశిరేఖ, వాళ్లదే ఘటోత్కచుడు. పెద్ద సమాజంలో ఉంటే ముసలిదాకా చెలికత్తె వేషమే దక్కే పిల్ల, కొత్త శాఖలో శశిరేఖ అయ్యేది. పంపకం వల్ల లాభమంటే అదీ. అక్కడ చోటు చాలక ఇక్కడ పండినవాళ్లెంతమందో. ఇప్పుడొక మాట ఊహించండి. ఆ సమాజాలన్నిటికీ ఒకడే యజమాని ఉండి, టికెట్లు తగ్గిన ప్రతిసారీ "ఈ వారం నెల్లూరు కృష్ణుణ్ణి కూడా గుంటూరు పంపించండి" అన్నాడనుకోండి. ఇద్దరు కృష్ణులు ఒకే రంగస్థలం మీద! మొదటి రోజు హాలు నిండుతుంది. రెండో వారం నెల్లూరు ఖాళీ, నెలకి గుంటూరు ఖాళీ. సురభివాళ్లకి ఆ యజమాని లేడు, కాబట్టి గోడలు నిలిచాయి. తర్వాత సినిమా వచ్చి దెబ్బ కొట్టిందంటే అది వేరే కథ. మావాడికి ఇదంతా వివరిస్తుంటే, కృష్ణుడి ఫినిషింగ్ మూవ్ ఏమిటని అడిగాడు.

డబ్ల్యూడబ్ల్యూఈ కథ ఆ యజమాని కథే. మొదట్లో గోడ గట్టిగానే ఉంది. స్మాక్‌డౌన్‌ని పాల్ హేమన్ రాస్తున్న రోజుల్లో అందరూ పక్కన పెట్టిన పొట్టివాళ్లకి, రే మిస్టీరియో, ఎడ్డీ గెరెరో లాంటివాళ్లకి, చోటు దొరికింది. ఒకే షో ఉండి ఉంటే ఆరున్నర అడుగుల వాళ్ల వెనక నిలబడి ఉండేవాళ్లు. 2004 ఫిబ్రవరిలో ఎడ్డీ, బ్రాక్ లెస్నర్‌ని ఓడించి పెద్ద బెల్టు ఎత్తుకున్నాడు. ఏడాది తర్వాత రెజిల్‌మేనియా అనే వాళ్ల ఏటి పెద్ద షోలో ఒకే రాత్రి, రా బెల్టు బటిస్టా, స్మాక్‌డౌన్ బెల్టు జాన్ సీనా గెలిచారు. ఒక్క రాత్రిలో ఇద్దరు కొత్త పెద్ద వస్తాదుల్ని తయారుచెయ్యడం ఒకే జాబితాతో అయ్యే పని కాదు. పంపకం పనికొస్తుందా అనేవాళ్లకి నేను చూపించేది ఆ రాత్రినే.

కానీ రెండు నెలలకే సీనాని రాకి మార్చేశారు. ఎందుకంటే రా పెద్దభార్య కొడుకు. లైవ్ షో దానిది. స్మాక్‌డౌన్‌ని మంగళవారం రికార్డు చేసి తర్వాతెప్పుడో వేసేవాళ్లు, ఎవరు గెలిచారో ఈలోపే ఊరంతా తెలిసిపోయేది. ఒకవైపు పండిన పంటని ఇంకోవైపు మోయడం అలవాటైపోయింది. 2007 నుంచి ప్రత్యేక షోలన్నీ ఉమ్మడి చేశారు, 2011 ఆగస్టులో రెండు గుంపుల్నీ కలిపేశారు. 2016లో మళ్లీ పంచారు, ఈసారి స్మాక్‌డౌన్‌ని కూడా లైవ్ చేసి.

ఆ రెండో పంపకంలో మనవాళ్లకి తగిలే సంగతి ఒకటుంది. 2017 మేలో స్మాక్‌డౌన్ ఛాంపియన్ అయినవాడు జిందర్ మహల్. కెనడాలో పుట్టిన పంజాబీ. అంతకు కొన్ని వారాల ముందు దాకా అందరి చేతా ఓడుతున్నవాడు. అతని చేతిలో ఓడినవాడు మా సెయింట్ లూయిస్ రాండీ ఆర్టన్. మా అపార్టుమెంట్ల మధ్య ఆ వారం నడిచిన వాదన చూడాలి. తలపాగా, అర్థం కాని భాషలో ప్రసంగం. మీరు నన్ను ఈలలేసి తిడుతున్నది నేను మీలా లేనందుకే, అంటాడు. హాలు తిడుతుంది. తిట్టించుకోవడం అతని పాత్ర, కాదన్ను. హాల్లో నా పక్క సీట్లో ఉన్న తెల్లాయన అలవాటుగా అరిచాడు, తర్వాత నన్ను చూసి గొంతు తగ్గించాడు. నేను చప్పట్లు కొట్టాలా వద్దా తేల్చుకోలేకపోయాను. రెండో బెల్టు లేకపోతే అతనికి ఆ అవకాశం వచ్చేదే కాదు. వచ్చిన అవకాశమేమో ఆ రకంది. నవంబరుకల్లా బెల్టు ఏజే స్టైల్స్ పట్టుకుపోయాడు.

ఇప్పుడు గోడని నిలబెట్టేది మెక్‌మాన్ మాట కాదు, టీవీ కంపెనీల ఒప్పందం. స్మాక్‌డౌన్ కోసం 2019 నుంచి 2024 దాకా ఫాక్స్ చానెల్ ఐదేళ్లకి వంద కోట్ల డాలర్లకి పైగా పోసింది. అంత పోసినవాడు తన వస్తాదుని పక్క చానెల్‌కి ఊరికే వదలడు. రా అయితే 2025 జనవరి నుంచి నెట్‌ఫ్లిక్స్‌ది, పదేళ్లకి ఐదు వందల కోట్ల డాలర్ల పైమాట. ఇంత డబ్బు కాపలా ఉన్నా యజమాని చెయ్యి ఊరుకోదు. 2019లో రేటింగులు జారితే, వారానికి కొందరు అటూ ఇటూ దూకొచ్చని వైల్డ్ కార్డ్ అంటూ ఒక రూలు పెట్టాడు. ముందు ముగ్గురన్నారు, తర్వాత నలుగురన్నారు, ఆ తర్వాత లెక్కపెట్టేవాడు లేడు. 2022లో రోమన్ రీన్స్ రెండో బెల్టు కూడా గెలిచి రెండూ తన దగ్గరే పెట్టుకుని, తనకి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవాడు. సోమవారం షోకి రాజే లేకుండా పోయాడు. ఏడాది చూసి, ఇక తప్పక ఇంకో బెల్టు పోత పోయించారు. 2023 మేలో జెడ్డాలో సెత్ రాలిన్స్ దాన్ని గెలిచాడు.

ఆ కొత్త బెల్టు పట్టుకునే రాలిన్స్ సెప్టెంబరులో మన హైదరాబాదు వచ్చాడు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. సురభివాళ్లుండే శేరిలింగంపల్లి అక్కడికి కూతవేటు. నేనిక్కడ ఎంత దూరం ప్రయాణించినా చూడని జంట అక్కడ దిగింది: రా మనిషి రాలిన్స్, ఆ రోజుల్లో స్మాక్‌డౌన్‌లో కనిపిస్తున్న జాన్ సీనా, ఇద్దరూ ఒకే జట్టు. మా అక్క కొడుకు టికెట్టు కొనుక్కుని వెళ్లాడు. వాళ్లిద్దరూ కలిసి ఎలా ఆడతారురా, షోలు వేరు కదా, అని ఫోన్లో అడిగాను.

"మామా, ఇంత దూరం వచ్చాక మళ్లీ అవన్నీ ఎవడు చూస్తాడు?" అన్నాడు. వాడి వెనక జనం సీనా పేరు అరుస్తూనే ఉన్నారు. తర్వాత మీ దగ్గర రెండు షోలూ ఒకే నెట్‌ఫ్లిక్స్‌లోకి చేరాయి, కాబట్టి వాడికి ఆ గోడ ఇక బొత్తిగా కనపడదు. ఇక్కడ మాత్రం మావాడు సోమవారానికి ఒక రిమోటు బటను, శుక్రవారానికి ఇంకో బటను నొక్కుతూ, బిగ్ ఈకి మెడ విరిగి ఆట మానేశాక కూడా, న్యూ డేని ఎవరు విడగొట్టారో నాకు గుర్తుచేస్తూనే ఉంటాడు.