రొయ్యకూ పురుగుకూ చుట్టరికం

విశాఖపట్నంలో సీతమ్మధార రైతుబజారుకు వంకాయలు తెచ్చే రైతుకు పుచ్చులు ఏరి పారేసే బాధ ఒకటి ఉన్నది గదా. పుచ్చు వంకాయ చీల్చితే లోపల పురుగు. అదే ఊళ్లో రేవుకు వెళితే గంపల నిండా రొయ్యలు, పీతలు. ఒకటి మనకు శత్రువు, రెండోది కూరకు పనికొచ్చేది. ఈ రెండూ ఒకే వంశంలోవంటే నమ్ముతారా?

పీతను తిరగేసి చూడండి. కాళ్లకు కీళ్లు ఉన్నవి. లోపల ఎముక లేదు, పైనున్న పెంకే దాని ఎముక. వంకాయ పురుగు మెత్తగా ఉన్నదే అంటారేమో, అది రెక్కల పురుగైనాక దాని కాళ్లు చూడండి. ఒళ్లు పెరిగినా పెంకు పెరగదు గనుక, పాతది విడిచి కొత్తది తొడుక్కోవాలి. సాలీడు, తేలు, జెర్రి, తేనెటీగ అన్నీ ఈ కోవలోవే. శాస్త్రజ్ఞులు వీటిని సంధిపాదులు అంటారు.

ఈ వంశం 50 కోట్ల ఏండ్లకు పూర్వమే సముద్రంలో ఉన్నది. అప్పటికి నేలమీద చెట్టూ చేమా లేవు. అందులో ట్రైలోబైట్లనే పెంకు జీవులు సుమారు 25 కోట్ల ఏండ్ల క్రిందట నశించి, రాళ్లలో అచ్చులుగా మిగిలాయి. సాలీళ్ల శాఖ తొలినాళ్లలోనే వేరుపడింది. కీటకాలు మాత్రం రొయ్యలు, పీతల శాఖలోంచే చీలి, 40 కోట్ల ఏండ్లకు ముందే నేలకెక్కాయి. తరువాత రెక్కలొచ్చాయి. పక్షులింకా పుట్టని ఆ రోజుల్లో గాలంతా వాటిదే! నేడు పేరు పెట్టిన కీటక జాతులే సుమారు 10 లక్షలు.

ఇంత పాత వంశంమీద మనం మందు చల్లుతున్నాం. పైరెత్రాయిడ్ మందు పురుగును నరాలు పట్టి చంపుతుంది. రొయ్య నరాలూ అటువంటివే. అందుచేత మందు డబ్బా కడిగిన నీళ్లు చెరువులో కలిస్తే రొయ్యలు చస్తాయి. వరిలో సుడిదోమను తినే సాలీళ్లూ చస్తాయి. ఆపైన దోమకు అడ్డెవరు?

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అనుభవించినది చిన్న కష్టం కాదు. శనగపచ్చ పురుగు ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. మందుకు తట్టుకున్న కొద్ది పురుగులే గుడ్లు పెట్టాయి, వాటి సంతానమూ తట్టుకునేదే అయింది. ఇది పురుగు తెలివి కాదు సుమండీ. కోట్ల ఏండ్లుగా జరుగుతున్న మార్పే మన చేలో కొద్ది ఏండ్లలో జరిగింది.

కాబట్టి వరిలో దిగినప్పుడు దుబ్బు మొదట్లో దోమతోపాటు సాలీళ్లనూ లెక్కపెట్టండి. వంగతోటలో తల వాల్చిన కొమ్మ కనబడితే, పురుగుతో సహా తుంచి కాల్చెయ్యండి.