ఎం-బుక్కూ, మేస్త్రీ బుక్కూ

నిర్మాణ సంస్థలకి సాఫ్ట్‌వేర్ అమ్మేముందు మన కంపెనీలన్నీ ఒక ప్రశ్నపత్రం పట్టుకెళ్తాయి. ఈఆర్పీ ఉందా? డ్రాయింగులు త్రీడీలో గీస్తున్నారా? సైట్లో ఇంటర్నెట్ వస్తుందా? జవాబులకి మార్కులేసి, "మీరు డిజిటల్‌కి ఇంత శాతం సిద్ధం" అని చెప్పేస్తాం. 2016లో మెకిన్సీ వాళ్ళయితే డిజిటల్ వాడకంలో ఈ రంగాన్ని అట్టడుగు నుంచి రెండో మెట్టు మీద కూచోబెట్టారు. దానికన్నా కింద ఉన్నది వ్యవసాయమూ, వేటా! అది చూసి మనవాళ్ళు "ఈ కాంట్రాక్టర్లు మారరు బాబూ" అని తేల్చేస్తారు.

నాకు ఆ తీర్పుతో పేచీ ఉంది. మన ప్రాంతపు చరిత్ర చూస్తే కాంట్రాక్టర్లు మారారు, అదీ చాలా త్వరగానే. కాకపోతే ఒక షరతు మీద.

పాతకాలం నుంచి మొదలెడదాం. 1854లో, డల్హౌసీ హయాంలో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటు పుట్టింది. ఆ శాఖల లెక్కలకి ప్రాణం మెజర్‌మెంట్ బుక్, వాడుకలో ఎం-బుక్కు. పేజీలకి ముందే నంబర్లుంటాయి. చింపకూడదు, చెరపకూడదు. తప్పు రాస్తే గీత కొట్టి, సరైంది రాసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. కింది ఇంజనీరు కొలిచినదాంట్లో కొంత పై ఇంజనీరు మళ్ళీ కొలిచి చూడాలి. మన భాషలో అపెండ్-ఓన్లీ లాగ్, వెర్షన్ హిస్టరీ, కోడ్ రివ్యూ అన్నమాట. ఎలక్ట్రానిక్ కంప్యూటర్ పుట్టకముందే! దొంగ కొలతలు లేవని కాదు. కానీ దొంగ కొలత కింద కూడా ఎవరిదో ఒక సంతకం ఉండేది. కాంట్రాక్టర్లు ఇదంతా ఎందుకు ఒప్పుకున్నారంటే, ఎం-బుక్కులో ఎక్కనిదే బిల్లు రాదు గనక.

ఇక 2003 జనవరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలెట్టింది. అంతకుముందు టెండరు వెయ్యాలంటే ఆఫీసుకి వెళ్ళి షెడ్యూలు కొనాలి, మళ్ళీ వెళ్ళి బాక్సులో వెయ్యాలి. ఎవరెవరు కొన్నారో మిగతావాళ్ళకి ముందే తెలిసిపోయేది. "రింగు" కట్టేవాళ్ళు, వినని వాణ్ణి బాక్సు దాకా రానిచ్చేవాళ్ళు కాదు. ఆన్‌లైన్ టెండరుతో ఆ బాక్సూ పోయింది, దాని చుట్టూ కాపలా కాసే పనీ పోయింది. (రింగులు మొత్తం పోయాయని చెప్పట్లేదు, ఫోనులో కూడా కట్టొచ్చు కదా.) అప్పటిదాకా మౌస్ ముట్టుకోని కాంట్రాక్టర్లు డిజిటల్ సర్టిఫికెట్లు తీసుకుని బిడ్లు వేశారు. వాళ్ళ "సంసిద్ధత" ఎవరూ కొలవలేదు. టెండరు కావాలంటే ఇదొక్కటే దారి అన్నారు, అంతే. బ్రిటన్‌లో 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులకి బిమ్ తప్పనిసరి చేసినప్పుడూ ఇదే సూత్రం.

అంటే షరతు ఏమిటో అర్థమైంది కదా. డబ్బిచ్చేవాడు ఏ లెక్క అడిగితే ఆ లెక్కకి సంస్థ సిద్ధమవుతుంది. ఎవడూ అడగని లెక్క కాగితం మీదే ఉండిపోతుంది. ఒక్కోసారి కాగితం మీద కూడా ఉండదు.

ఆ ఎవడూ అడగని లెక్క ఏది?

హైదరాబాద్ నుంచి బెంగళూరు బస్సెక్కితే అర్ధరాత్రి ఏదో ఒక వేళకి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటతాం. మనలో చాలామంది నిద్రలోనే దాటేస్తాం. ఇటు వనపర్తి, అటు గద్వాల. 2016 అక్టోబరు దాకా అంతా మహబూబ్‌నగర్ జిల్లాయే. కృష్ణా, తుంగభద్రా పారుతున్నా పొలాలకి నీళ్ళందక వలస పోయిన నేల. "పాలమూరు లేబర్" అనే పేరే పడింది. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అది రాతికట్టడం, ప్రతి రాయీ మనిషి చేతి మీదుగా వెళ్ళిందే. ఆ చేతుల్లో పాలమూరువి చాలా ఉన్నాయి. తర్వాత శ్రీశైలం, బొంబాయి, ఇంకా ఎక్కడెక్కడో.

వీళ్ళని తీసుకెళ్ళేది గుంపు మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇస్తాడు, సైట్లో పని చేసి తీర్చుకోవాలి. ఎన్నిరోజులు పని చేశారు, ఎంత తీరింది, ఎంత మిగిలింది అనేది మేస్త్రీ బుక్కులో ఉంటుంది. ఆ బుక్కుకి పేజీ నంబర్లుండవు. గీత కొట్టి సంతకం పెట్టే రూలుండదు. తిరిగి కొలిచే పై ఇంజనీరు ఉండడు.

చట్టం లేక కాదు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఫొటోతో పాస్‌బుక్ ఇమ్మంది. కానీ పాస్‌బుక్ చూపిస్తేనే బిల్లు అని ఎవరూ అనలేదు. 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కార్మికుల గురించి లోక్‌సభలో అడిగితే, లెక్కలు లేవని కార్మిక శాఖ జవాబిచ్చింది. ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది 2021 ఆగస్టులో.

"కూలీల లెక్క డిజిటల్ చెయ్యడం కష్టం సార్" అంటారు. మరి 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు మొదటి విడతలోనే మహబూబ్‌నగర్ ఉంది. టీసీఎస్ రాసిన సాఫ్ట్‌వేర్‌లో మస్టర్లు ఎక్కాయి, ఊళ్ళ వారీగా వెబ్‌లో కనిపించాయి. దొంగ మస్టర్లు అందులోనూ దూరాయి. సామాజిక తనిఖీలో ఆ లెక్కల్ని ఊరి మధ్య పైకి చదివితే బయటపడ్డాయి. అదే మనిషి సొంతూళ్ళో కుంట తవ్వితే పేరుతో సహా డేటాబేసులో ఉన్నాడు. బొంబాయిలో పదంతస్తుల బిల్డింగుకి ఇటుకలు మోస్తే ఎక్కడా లేడు.

అందుకని నా ప్రశ్నపత్రంలో ప్రశ్నలు మూడే. ఇవాళ సాయంత్రం ఒక కూలీ వచ్చి "నావి ఎన్నిరోజులైనయి, ఇంకెంత రావాలె" అంటే మేస్త్రీని పిలవకుండా చెప్పగలరా? రాసినదాన్ని మారిస్తే పాతది కనపడుతుందా? ఆ లెక్కని సంస్థలో లేనివాడు ఎవడైనా చూడగలడా? మూడింటికీ "లేదు" అని జవాబొస్తే, డ్రోన్లూ డాష్‌బోర్డులూ ఎన్ని ఉన్నా ఆ సంస్థ 1854 కన్నా వెనకే ఉందని నా లెక్క.

ఇంకోమాట. మన ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు కట్టించుకునేటప్పుడు డబ్బిచ్చేవాళ్ళం మనమే. ఆ లెక్క అడగాల్సిందీ మనమే.